వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ప్లగిన్ ఎక్స్‌టెన్షన్ పాయింట్లు: పటాన్‌చెరు, సంగారెడ్డి ఉదాహరణలతో

ఎక్స్‌టెన్షన్ పాయింట్ అంటే, వెబ్ ఫ్రేమ్‌వర్క్ తన పని మధ్యలో బయటివాళ్లు రాసిన కోడ్‌ను పిలుస్తానని ముందే మాట ఇచ్చిన చోటు. ఆ చోటికి సరిపడేలా రాసిన కోడే ప్లగిన్. ఏ దశలో పిలుస్తుంది, ఏ డేటా చేతికిస్తుంది, బదులుగా ఏం ఆశిస్తుంది, ప్లగిన్ విఫలమైతే ఏం చేస్తుంది అనే నాలుగు సంగతులూ తేల్చి చెప్పినప్పుడే అది ఎక్స్‌టెన్షన్ పాయింట్. అవి తేల్చకుండా ఇచ్చే స్వేచ్ఛ వల్ల ఫ్రేమ్‌వర్క్ రాసినవాళ్లు తమ సొంత కోడ్‌నే మార్చుకోలేని స్థితికి వస్తారు. లోపలి ఏ ఫంక్షన్ మీద ఎవరు ఆధారపడ్డారో వాళ్లకు తెలియదు కాబట్టి.

సంగారెడ్డి, పటాన్‌చెరు అనగానే బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, ఖాజీపల్లి, బొంతపల్లిల్లోని పరిశ్రమలు, ముఖ్యంగా బల్క్ డ్రగ్ యూనిట్లు గుర్తుకొస్తాయి. ఎక్స్‌టెన్షన్ పాయింట్లను అధ్యయనం చేయడానికి ఆ ప్రాంతం అనుకోకుండా మంచి చోటు. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 2008లో ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలై తర్వాత కందికి మారిన ఐఐటీ హైదరాబాద్, రెండూ తమ పరిశోధన పత్రాలను అందరికీ అందుబాటులో ఉంచడానికి ఈప్రింట్స్ అనే ఒకే సాఫ్ట్‌వేర్‌ను వాడాయి. వాటి చుట్టూ ఉన్న మందుల కర్మాగారాలైతే, ప్లగిన్‌కు ఏ తలుపు తెరవకూడదో నేర్పుతాయి. ఈ వ్యాసం ఎక్కువగా ఈప్రింట్స్ మీదే నిలుస్తుంది. దాని రూపకల్పనలో మంచీ చెడూ రెండూ విప్పి చూడగలిగేంత స్పష్టంగా ఉన్నాయి.

ముందు నడిచినవి

2001లో వచ్చిన ఎక్లిప్స్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ కాదు, ప్రోగ్రామర్ల పనిముట్టు. అయినా ఈ చర్చంతటికీ అదే మూలం. అందులో ప్రతి ప్లగిన్ తాను ఎక్కడ కలుస్తుందో ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో ప్రకటించాలి. ఆ ప్రకటన చదివి మెనూలు తయారవుతాయి. అసలు కోడ్ మాత్రం వాడేవారు ఆ మెనూ నొక్కాకే మెమరీలోకి వస్తుంది. ప్రకటననూ అమలునూ విడదీయడం ఈ రంగంలో జరిగిన అతి ముఖ్యమైన మలుపని చెప్పాలి.

వెబ్ వైపు దారులు వేరుగా సాగాయి. పైథాన్‌లో 2003 నాటి డబ్ల్యూఎస్‌జీఐ ప్రమాణం, వచ్చే అభ్యర్థననూ వెళ్లే జవాబునూ చుట్టుకునే మిడిల్‌వేర్‌కు దారి చూపింది. వర్డ్‌ప్రెస్ 2004లో 1.2 వెర్షన్‌తో ప్లగిన్లను తెచ్చి రెండు రకాల హుక్‌లు ఇచ్చింది. ఏదైనా జరిగినప్పుడు పిలిచేది యాక్షన్, ఒక విలువను అందుకొని మార్చి తిరిగి ఇచ్చేది ఫిల్టర్. ద్రూపల్ చాలాకాలం ఫంక్షన్ పేరునే ఒప్పందంగా వాడుకుంది. మాడ్యూల్ పేరు, దాని వెనక హుక్ పేరు కలిపి ఫంక్షన్ రాస్తే ద్రూపల్ దాన్ని వెతికి పిలుస్తుంది. రాయడం తేలికే గానీ, పేరులో ఒక్క అక్షరం తప్పితే ఏ లోపమూ బయటపడకుండా ఆ ఫంక్షన్ అలాగే పడి ఉంటుంది.

పటాన్‌చెరు, కంది: ఈప్రింట్స్ లోపల

ఈప్రింట్స్ ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో 2000లో పుట్టింది. పెర్ల్ భాషలో రాసిన ఈ సాఫ్ట్‌వేర్ అపాచీ సర్వర్‌లో మోడ్‌పెర్ల్ మీద నడుస్తుంది, డేటాను మైఎస్‌క్యూఎల్‌లో దాచుకుంటుంది. మన దేశానికి అది తొందరగానే వచ్చింది. బెంగళూరులోని ఐఐఎస్‌సీ 2002లోనే దాని మీద తన ఆర్కైవ్ తెరిచింది. ఇక్రిశాట్ 2009లో, సీజీఐఏఆర్ కూటమిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రాలన్నిటికంటే ముందుగా, తన శాస్త్రవేత్తల పత్రాలను ఉచితంగా అందుబాటులో ఉంచాలన్న విధానం తీసుకుంది. ఆ సంస్థ ఓపెన్ యాక్సెస్ రిపాజిటరీ ఈప్రింట్స్ మీద నిలిచింది. ఐఐటీ హైదరాబాద్ రిపాజిటరీ ‘రాయిత్’ కూడా తొలి ఏళ్లలో ఈప్రింట్స్ మీదే నడిచింది.

ఈ రెండు సంస్థల అవసరాలు ఒకటి కావు. పటాన్‌చెరులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పంటల మీద దశాబ్దాలుగా పోగైన పత్రాలు, పుస్తకాలు, నివేదికలు ఉన్నాయి. ఆ రికార్డులు ప్రపంచ వ్యవసాయ సూచీల్లోకి చేరాలి. ఐఐటీలో థీసిస్‌లు, విభాగాలు, మార్గదర్శకుల వివరాలు ముఖ్యం. ప్రతి సంస్థా కేంద్ర కోడ్‌ను తనకు నచ్చినట్టు మార్చుకుంటే తర్వాతి వెర్షన్‌కు వెళ్లేనాటికి ఆ మార్పులన్నీ మళ్లీ చేతితో చేయాలి. 2007 జనవరిలో విడుదలైన ఈప్రింట్స్ 3 ఈ చిక్కును తీర్చడానికే ప్లగిన్లను నిర్మాణం మధ్యలోకి తెచ్చింది. రికార్డులను బయటికి పంపడం, లోపలికి తేవడం, తెరల మీది పేజీలు, ఫారంలోని గడులు, ఫైళ్ల రూపమార్పిడి, ఒక్కోదానికి ఒక్కో రకం ప్లగిన్ ఏర్పడింది. ఫైళ్లను ఎక్కడ దాచాలనేది కూడా తర్వాతి వెర్షన్లలో ప్లగిన్ చేతికే వెళ్లింది.

వీటిలో ఎక్స్‌పోర్ట్ ప్లగిన్‌ను చూడడం అన్నిటికంటే లాభం. అది తన గురించి చెప్పుకునేవి కొన్నే: పేరు, ఏ రకం వస్తువులను స్వీకరిస్తుంది (ఒక్క రికార్డునా, జాబితానా), ఎవరికి కనిపించాలి, ఫైల్ తోక పేరు, మైమ్ రకం. చేయాల్సిందల్లా ఒక రికార్డును ఇస్తే దాని పాఠ్యరూపాన్ని తిరిగి ఇవ్వడం. జాబితాకు విడిగా రాయకపోయినా పునాది తరగతి ఒక్కో రికార్డునూ వరసగా దాని చేతికిచ్చి జాబితా తయారు చేసుకుంటుంది. బిబ్‌టెక్స్, ఎండ్‌నోట్, డబ్లిన్ కోర్, మెట్స్, జేసన్ రూపాలన్నీ ఇదే ఒప్పందం మీద వచ్చాయి. ప్లగిన్‌కు పేజీ ఎలా కనిపిస్తుందో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. శోధన ఫలితాల కింద కనిపించే ఎంపికల జాబితా, ఈ ప్లగిన్లు ప్రకటించుకున్న వివరాల నుంచే తయారవుతుంది.

ఒప్పందం ఇంత ఇరుకుగా ఉండడం వల్ల ఒక ఫలితం తనంతట తానే వచ్చింది. రిపాజిటరీల మధ్య రికార్డులను పంచుకోవడానికి 2001లో వచ్చిన ఓఏఐ-పీఎంహెచ్ ప్రోటోకాల్ జవాబులు ఇవ్వడానికీ ఈప్రింట్స్ అవే ఎక్స్‌పోర్ట్ ప్లగిన్లను వాడుకోగలిగింది. వెబ్ పేజీలో నొక్కిన పాఠకుడికీ, దూరాన ఉండి రాత్రిపూట రికార్డులు కోసుకుపోయే సర్వర్‌కీ ఒకే కోడ్ జవాబిస్తుంది. వ్యవసాయ సంస్థకు ఎఫ్‌ఏఓ నడిపే ఆగ్రిస్ సూచీ కోసం ప్రత్యేక రూపం కావాలంటే ఒక ఫైల్ రాస్తే సరిపోతుంది, కేంద్రాన్ని తాకనక్కర్లేదు. ఒకే దిశలో డేటా ప్రవహించే, రాసే అధికారం లేని ఎక్స్‌టెన్షన్ పాయింట్ ఇంత దూరం వెళ్తుంది. ఫ్రేమ్‌వర్క్ రూపకర్తలు మొట్టమొదట తెరవాల్సింది ఇలాంటి చోటేనని ఈ వ్యాసకర్త నమ్మకం.

తెరల ప్లగిన్లు ఇంకొంచెం లోతైనవి. ప్రతి తెరా తాను ఎక్కడ కనిపించాలో ఒక స్థలం పేరు, ఒక వరస సంఖ్య ఇచ్చి చెబుతుంది. పైనున్న పనుల వరసలోనా, అడ్మిన్ పేజీలోనా, రికార్డు పక్కనా అన్నది ఆ ప్రకటనలో ఉంటుంది. దాన్ని చూడడానికి అనుమతి ఉందా అనే ప్రశ్నకు వేరే ఫంక్షన్, అందులోని ఒక్కో పని చేయడానికి అనుమతి ఉందా అనే ప్రశ్నకు ఒక్కో ఫంక్షన్. అనుమతినీ పనినీ ఇలా విడదీయడం వల్ల, పని జరిగే ముందు ఫ్రేమ్‌వర్కే అనుమతిని అడుగుతుంది. ప్లగిన్ రాసినవారు మర్చిపోయే అవకాశం తగ్గుతుంది.

ప్లగిన్‌కు కావలసిన పెర్ల్ మాడ్యూల్ సర్వర్‌లో లేకపోతే ఏమవుతుంది? ఈప్రింట్స్ ప్లగిన్లు పాటించే పద్ధతి మెచ్చుకోదగ్గది. ప్లగిన్ తయారవుతున్నప్పుడే ఆ మాడ్యూల్ ఉందో లేదో చూసుకుంటుంది. లేకపోతే తన కనిపించే గుణాన్ని ఖాళీ చేసుకొని, కారణాన్ని తనలోనే రాసి పెట్టుకుంటుంది. వాడేవారికి ఆ ఎంపిక కనిపించదు. నిర్వాహకుడు చూస్తే ఏది కొరవడిందో తెలుస్తుంది. రిపాజిటరీ మొత్తం ఆగిపోదు. లైబ్రరీల్లో విడిగా ప్రోగ్రామర్ ఉండడం అరుదు. అలాంటి చోట్ల ఈ చిన్న మర్యాద ఎంత విలువైనదో సర్వర్ చూసుకునే లైబ్రేరియన్లకు తెలుసు.

ఉన్న ప్లగిన్‌నే మార్చాలంటే రెండు దారులున్నాయి. సంస్థ సొంత ఫోల్డర్‌లో కొత్త ప్లగిన్ రాసి, పాత పేరుతో అడిగినప్పుడు కొత్తదాన్ని ఇవ్వమని కాన్ఫిగరేషన్‌లో మారుపేరు చెప్పవచ్చు. లేదా ఒక్క లైన్‌తో పాతదాన్ని నిలిపివేయవచ్చు. రెండింటిలోనూ కేంద్ర ఫైల్ చెక్కు చెదరదు, మార్పు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. 3.3 వెర్షన్‌తో వచ్చిన బజార్ ఇంకో అడుగు వేసింది. ప్లగిన్లు, కాన్ఫిగరేషన్, అనువాదాల పదాలు అన్నీ ఒక ప్యాకేజీగా కట్టి, అడ్మిన్ తెర నుంచే దించుకునే వీలు కల్పించింది. దించుకోవడం వేరు, ఆన్ చేయడం వేరు. ఆన్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ జరగాల్సిన పనులను ఆ ప్యాకేజీ తాలూకు నియంత్రణ ప్లగిన్ చూసుకుంటుంది.

ఒకే చోటికి ఇద్దరు వస్తే

ఈప్రింట్స్ 3 తొలి వెర్షన్లలో రికార్డు భద్రపరిచే ముందు కొన్ని గడులను తనంతట నింపడానికి ఒక ఫంక్షన్ ఉండేది. కాన్ఫిగరేషన్‌లో దాన్ని సంస్థ తనకు నచ్చినట్టు రాసుకునేది. ఒక సంస్థ, ఒక ఫంక్షన్ ఉన్నంతకాలం సమస్య లేదు. బజార్ లాంటిది వచ్చి రెండు వేర్వేరు ప్యాకేజీలు అదే ఫంక్షన్‌ను రాయబోతే రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. ఒక్కరికే చోటున్న ఎక్స్‌టెన్షన్ పాయింట్ పుట్టుకతో వచ్చే లోపం ఇది. తర్వాతి వెర్షన్లలోని ట్రిగ్గర్లు దీన్ని సరిచేశాయి. భద్రపరచడానికి ముందు, తర్వాత, స్థితి మారినప్పుడు, అభ్యర్థన మొదలైనప్పుడు అంటూ సంఘటనలకు పేర్లు పెట్టి, ఒక్కోదానికి ఎన్ని ఫంక్షన్లనైనా ప్రాధాన్య సంఖ్యతో జతచేయనిచ్చాయి. ఏ ట్రిగ్గరైనా ‘పని అయిపోయింది’ అని చెబితే మిగతావి ఆగుతాయి.

ట్రిగ్గర్లతో శక్తి పెరిగింది, దానితోపాటు ప్రమాదమూ పెరిగింది. రికార్డు భద్రపరిచాక నడిచే ట్రిగ్గర్‌లోంచి అదే రికార్డును మళ్లీ భద్రపరిస్తే ట్రిగ్గర్ మళ్లీ లేస్తుంది, అది అంతులేని చక్రం. ప్రాధాన్య సంఖ్యలు కూడా సగం జవాబే. రెండు ప్యాకేజీలు రాసినవాళ్లు ఒకరికొకరు తెలియనప్పుడు ఎవరి సంఖ్య పెద్దదన్న ప్రశ్నకు అర్థం ఉండదు. ‘ఫలానా దాని తర్వాత’ అని పేరు పెట్టి చెప్పనివ్వడం సంఖ్య కంటే నయం.

ముంబైలో పుట్టిన ఫ్రాపే ఫ్రేమ్‌వర్క్, దాని మీద నిర్మించిన ఈఆర్‌పీనెక్స్ట్ ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కనే చూపిస్తాయి. ప్రతి యాప్‌లో ఉండే హుక్స్ ఫైల్‌లో, ఒక పత్రం సబ్మిట్ అయినప్పుడు పిలవాల్సిన ఫంక్షన్లను ఎన్ని యాప్‌లైనా రాసుకోవచ్చు, అన్నీ నడుస్తాయి. అదే పత్రం తాలూకు తరగతిని పూర్తిగా మార్చాలని రెండు యాప్‌లు కోరితే, చివరగా ఇన్‌స్టాల్ అయినదే నెగ్గుతుంది. మొదటిది పనిచేయడం మానేసిన సంగతి ఒక లెక్క తప్పినప్పుడు గానీ బయటపడకపోవచ్చు. ఇలాంటి చోట ఫ్రేమ్‌వర్క్ సర్వర్ మొదలవుతున్నప్పుడే గట్టిగా హెచ్చరించాలి. నిశ్శబ్దంగా ఒకదాన్ని ఎంచుకోవడం సౌకర్యంలా కనిపిస్తుంది, ఖర్చు మాత్రం వాడేవారి మీద పడుతుంది.

గోడకు అవతలి ప్లగిన్లు

పైన చెప్పినవన్నీ ఫ్రేమ్‌వర్క్ నడిచే ప్రాసెస్‌లోనే నడుస్తాయి. ప్లగిన్ మెమరీ తినేస్తే సర్వర్ మొత్తం కుంటుతుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ ఫ్రేమ్‌వర్క్‌కు తెలిస్తే ప్లగిన్‌కూ తెలిసినట్టే.

ఇక్రిశాట్ తన పరిశోధన డేటాను పంచుకోవడానికి వాడిన డేటావర్స్ ఇంకో దారి పట్టింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ జావా సాఫ్ట్‌వేర్‌లో ‘ఎక్స్‌టర్నల్ టూల్స్’ అనే ఏర్పాటు ఉంది. నిర్వాహకుడు ఒక చిన్న జేసన్ ప్రకటనను నమోదు చేస్తాడు. టూల్ పేరు, చూడడానికా సరిచేయడానికా అన్న రకం, దాని చిరునామా, దానికి పంపాల్సిన వివరాలు అందులో ఉంటాయి. పాఠకుడు ఫైల్ పక్కనున్న బటన్ నొక్కితే, ఆ వివరాలను జతచేసి డేటావర్స్ టూల్ చిరునామాను తెరుస్తుంది. టూల్ ఏ భాషలోనైనా ఉండవచ్చు, ఏ సర్వర్‌లోనైనా నడవవచ్చు. కూలిపోతే అదొక్కటే కూలుతుంది.

మొదట్లో వాడేవారి ఏపీఐ టోకెన్‌నే టూల్‌కు ఇచ్చే పద్ధతి ఉండేది. అంటే ఒక పటం గీసే టూల్‌కు, ఆ మనిషి చేయగల పనులన్నీ చేసే అధికారం అందేది. తర్వాత సంతకం చేసిన, గడువున్న చిరునామాలు వచ్చాయి. ప్రకటనలో పేర్కొన్న ఏపీఐ పిలుపులకే అవి పనికొస్తాయి. అధికారాన్ని ఇవ్వాల్సినంత మేరకే ఇవ్వడం ఎక్స్‌టెన్షన్ పాయింట్ రూపకల్పనలో భాగమే. చివర్లో అతికించే భద్రతా పొర అని అనుకోకూడదు. గమనించదగ్గ విషయమేమంటే, గోడ అవతలి పద్ధతి ఎంచుకున్న డేటావర్స్ కూడా 2023లో వచ్చిన 5.14 వెర్షన్‌లో మెటాడేటా ఎక్స్‌పోర్టర్లను లోపలి ప్లగిన్లుగా, జార్ ఫైళ్ల రూపంలో అనుమతించింది. ఈప్రింట్స్ తొలినాడే తెరిచిన చోటు ఇదే. డేటాను చదివి వేరే రూపంలో రాసే పనికి, నెట్‌వర్క్ దాటి వెళ్లి రావడం అనవసర భారం.

మొక్కల ప్రజననం వైపు గోడ అవతలి పద్ధతే ప్రమాణంగా ఎదిగింది. బ్రాపీ అనే ప్రమాణం, పంట పరీక్షలు, జన్యు సమాచారం, రకాల వివరాలను ఏ డేటాబేస్ నుంచైనా ఒకే తీరులో అడిగే వెబ్ పిలుపులను నిర్వచించింది. దాన్ని వివరించే పత్రం 2019లో వచ్చింది. పటాన్‌చెరుకూ ఈ రంగంతో సంబంధం ఉంది: జన్యు డేటాను ప్రజననకారులకు అందించేందుకు కార్నెల్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన గోబీ ప్రాజెక్టులో ఇక్రిశాట్ భాగస్వామిగా ఉండేది. బ్రాపీ రెండో వెర్షన్‌లో ప్రతి సర్వర్ తనకు ఏ పిలుపులు తెలుసో ఒక చిరునామాలో చెప్పాలి. ప్రమాణం మొత్తం అమలు చేయని సర్వర్ కూడా నిజాయితీగా పాల్గొనడానికి అది దారి ఇచ్చింది. అవతలివారు ఏం చేయగలరో ఊహించకుండా అడిగి తెలుసుకునే ఏర్పాటు ఉంటే, ప్లగిన్ ఒకేసారి పాత సర్వర్‌తోనూ కొత్తదానితోనూ పనిచేయగలదు.

మందుల కర్మాగారం అడిగే ప్రశ్నలు

పటాన్‌చెరు చుట్టూ తయారయ్యే మందుల ముడిసరుకు విదేశాలకు వెళ్తుంది. అమెరికా మార్కెట్‌కు పంపే యూనిట్లలో వాడే ఎలక్ట్రానిక్ రికార్డులకు 1997లో వెలువడిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 నియమాలు వర్తిస్తాయి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో సమయంతో సహా తనంతట నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ ఉండాలి. మార్పు వల్ల పాత విలువ మరుగున పడకూడదు. వ్యవస్థ ఉద్దేశించినట్టే పనిచేస్తుందని నిరూపించాలి. ఈ నిరూపణకు పరిశ్రమ అనుసరించే గ్యాంప్ 5 మార్గదర్శకం (2008, రెండో కూర్పు 2022) సాఫ్ట్‌వేర్‌ను వర్గాలుగా విడదీస్తుంది. కాన్ఫిగర్ చేసుకొని వాడేది 4వ వర్గం, ప్రత్యేకంగా రాయించుకున్నది 5వ వర్గం. వర్గం పెరిగేకొద్దీ పరీక్షల బరువు పెరుగుతుంది.

అంటే బ్యాచ్ రికార్డులో ఒక కొత్త గడి చేర్చడానికి ఫ్రేమ్‌వర్క్ కాన్ఫిగరేషన్ సరిపోతే ఒక లెక్క, ప్లగిన్ రాయాల్సి వస్తే వేరే లెక్క. ఇక్కడ ఎక్స్‌టెన్షన్ పాయింట్ ఒక ఆర్థిక సరిహద్దు కూడా. ఫ్రేమ్‌వర్క్ రాసేవారు తరచుగా వచ్చే అవసరాలను, అంటే గడులు, పరిమితులు, ఆమోదాల వరసలను, ప్రకటనలతో చెప్పగలిగేలా చేస్తే, క్వాలిటీ విభాగం నెలల పని తప్పుతుంది. ప్లగిన్ రాయక తప్పని చోట దాని ప్రభావం ఎక్కడిదాకా వెళ్తుందో చూపించగలిగితేనే పరీక్షను ఆ మేరకు పరిమితం చేయవచ్చు.

ఆడిట్ ట్రెయిల్‌ను మాత్రం ఎప్పుడూ ప్లగిన్‌గా ఉంచకూడదు. ఆన్ చేయగలిగేదాన్ని ఆఫ్ కూడా చేయవచ్చు. అది ఎక్స్‌టెన్షన్ పాయింట్లన్నిటికీ కింద, డేటా మారే లావాదేవీలోనే ఉండాలి. ప్లగిన్ చేసిన మార్పు కూడా అందులో పడాలి, ఏ ప్లగిన్, ఏ వెర్షన్ అన్నదానితో సహా. భద్రపరచడానికి ముందు పిలిచే చోట ప్లగిన్‌కు ‘వద్దు’ అనే హక్కు ఇవ్వవచ్చు, కారణం రాయాలనే షరతుతో. భద్రపరిచాక పిలిచే చోట చదివే హక్కు మాత్రమే ఇవ్వాలి. ఈమెయిల్ పంపడం, ఇంకో వ్యవస్థకు చెప్పడం లాంటివి క్యూలో వేసి, లావాదేవీ ముగిశాకే నడపాలి. లేకపోతే రద్దయిన బ్యాచ్‌కు విడుదల ఈమెయిల్ వెళ్లే ప్రమాదం ఉంది.

ఇదే ప్రాంతంలో లోపలికి వచ్చే డేటాకూ ఒక పాఠం ఉంది. బల్క్ డ్రగ్స్ సహా అత్యంత కాలుష్యకారకమైన 17 రకాల పరిశ్రమలు తమ వ్యర్థజలాల, పొగల కొలతలను ఆన్‌లైన్‌లో నిరంతరం పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. పీహెచ్, సీఓడీ, బీఓడీ, ప్రవాహం కొలిచే పరికరాలను వేర్వేరు కంపెనీలు తయారు చేస్తాయి. ఒకటి మోడ్‌బస్‌లో మాట్లాడుతుంది, ఇంకొకటి 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటుతో చెబుతుంది. ప్రతి పరికరానికీ ఒక అడాప్టర్ ప్లగిన్ ఉండడం సహజం. ఆ ఎక్స్‌టెన్షన్ పాయింట్ ఒక సంఖ్యను మాత్రమే అడిగితే, పరికరం ఆగిపోయినప్పుడు అడాప్టర్ సున్నా పంపుతుంది, సున్నా అంటే శుభ్రమైన నీరని అవతల అర్థమవుతుంది. విలువ, ప్రమాణం, కొలిచిన సమయం, ఆ కొలతను నమ్మవచ్చా లేదా అన్న సూచన, నాలుగూ తప్పనిసరి అయితే ఆ అబద్ధం చెప్పడానికి వీలుండదు. వాగుల పక్కన ఉన్న ఊళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

కేంద్రమే ప్లగినైతే

ఎక్స్‌టెన్షన్ పాయింట్లు సరిపోతాయో లేదో తెలుసుకోవడానికి, ఫ్రేమ్‌వర్క్ తన సొంత సదుపాయాలను వాటి మీదే కట్టడం మించిన పరీక్ష లేదు. ఈప్రింట్స్ 3 తన ఎక్స్‌పోర్ట్ రూపాలను, అడ్మిన్ తెరలను బయటివాళ్ల ప్లగిన్ల పక్కనే, అదే ఒప్పందంతో రాసింది. 3.4 వెర్షన్ ఇంకా ముందుకెళ్లి పరిశోధన పత్రాలకు సంబంధించిన గడులు, వర్క్‌ఫ్లోలు, తెరలను కేంద్రం నుంచి విడదీసింది. కేంద్రం మీద పేర్చే ముక్కలను ‘ఇంగ్రీడియెంట్లు’ అని, ఏ ముక్కలు ఏ వరసలో పడాలో చెప్పే కూర్పును ‘ఫ్లేవర్’ అని పిలిచింది. పరిశోధన పత్రాల రిపాజిటరీ ఇప్పుడు ఒక ఫ్లేవర్ మాత్రమే. ఏ సదుపాయం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలంటే నిర్వాహకుడు చదవాల్సింది ఒక చిన్న జాబితా ఫైల్.